ఊరగాయ గది గడప

చిత్తూరు బజారువీధిలో ధనంజయ శెట్టి అంగడి ఎక్కడో తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఆయన భార్య జ్ఞానాంబ పెట్టిన ఊరగాయ తినని ఇల్లు ఆ వీధిలో లేదు. పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ముహూర్తం కోసం పురోహితుడి ఇంటికి పోతే, అట్నుంచి అటే మామిడికాయ జాడీ కోసం జ్ఞానాంబ ఇంటికి వచ్చేవాళ్ళు. ఎండాకాలం ముదిరిందంటే ఆమె మొహంలో కలెక్టరుకు కూడా లేని దర్జా కనబడేది.

వంటింటి వెనక చిన్న గది. కిటికీ లేదు. గోడవారన పన్నెండు జాడీలు, పై అర మీద ఉప్పు కుండ, మూతులకు కట్టే తెల్లగుడ్డలు. ఆ గదికి ఒక చట్టం ఉండేది. స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదు. తడి చేతులతో తొక్కకూడదు. నెలలో ఆ మూడు రోజులు ఆడది ఆ గది వైపు నీడ కూడా పడనివ్వకూడదు. ఇది అత్తగారి కాలం నుంచి వచ్చిన చట్టమే, కానీ జ్ఞానాంబ చేతికి వచ్చాక ఇంకో నాలుగు మేకులు కొట్టి బిగించింది. ఆ మూడు రోజులూ కోడలు పంకజాక్షికి పెరటి వరండాలో ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. పలకరింపు కూడా మూడు బారల దూరం నుంచే.

అత్తకు మాత్రం ఆ బాధ లేదు. నలభై ఏళ్ళకే ముట్లు నిలిచిపోయాయి. తోటివాళ్ళంతా యాభై దాకా ఈడుస్తుంటే తనకు ముందే విడుదలైందని, జాడీల దగ్గర పన్నెండు నెలలూ ఉండమని దేవుడే చీటీ రాసిచ్చాడని ఆమె అనుకుంది. అనుకోవడమేమిటి, పదిమందిలో చెప్పుకుంది కూడా.

ఎనభై నాలుగో సంవత్సరం ఉగాది వెళ్ళిన వారానికి ఆ గది గడప దగ్గరే ఆమె కాలు మెలికపడింది. పెద్దగా పడిందీ లేదు. కుడిచెయ్యి నేలకు ఆనించింది, అంతే. మణికట్టు పుటుక్కుమంది. చిన్నపిల్లలు రోజుకు పదిసార్లు పడేపాటి పడడానికి యాభై మూడేళ్ళ మనిషి చెయ్యి విరగడమేమిటని చిత్తూరు డాక్టరుకే అనుమానం వచ్చింది. ఎక్స్‌రే ఫొటో తీయించి, సిమెంటు కట్టు వేసి, తిరుపతిలో డాక్టర్ ఆనందమ్మకు చూపించమని చీటీ రాశాడు.

ఏప్రిల్ నెలాఖరులో అత్తను బస్సులో పంకజాక్షే తీసుకుపోయింది. శెట్టి అంగడి వదిలి రాడు, కొడుకు మునికృష్ణ సరుకు కోసం మద్రాసు పోయాడు.

ఆనందమ్మ ఎక్స్‌రే ఫొటోను లైటు పెట్టె మీద ఆనించి చాలాసేపు చూసింది. జ్ఞానాంబను గోడకు నిలబెట్టి పొడవు కొలిచింది. పెళ్ళినాటి పొడవు ఎంతో జ్ఞానాంబకు తెలియదు గానీ, పై అర మీద ఉప్పు కుండ ఈమధ్య అందడం లేదన్న సంగతి తెలుసు. అర ఎవరో పైకి జరిపారని పోయిన సంవత్సరమంతా ఇంట్లో అందరినీ తిట్టింది.

"ముట్లు ఎప్పుడు నిలిచిపోయినాయమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నలభైకే. దేవుడి దయ."

"దయ కాదమ్మా. అదే వచ్చిన చిక్కు. అవి వచ్చినన్నాళ్ళు ఆడదాని ఒంట్లో ఒక సారం ఊరతా ఉంటాది. ఎముకకు అదే కాపలా. మీకు ముందే నిలిచిపోయింది కాబట్టి పదమూడేళ్ళుగా కాపలా లేదు. ఎముకలు గుల్లబారినాయి. చెయ్యి అతుక్కుంటాది. రేపు తుంటి విరిగితే అంత సులువు కాదు."

తుంటి అనగానే జ్ఞానాంబకు నగరిలో తన తల్లి చెంగమ్మ గుర్తొచ్చింది. అరవై ఏళ్ళకు ఆమె నడుము వంగి వంగి, మొహం నేలను చూసేది. వచ్చిన మనిషిని కాళ్ళు చూసి గుర్తుపట్టేది. "మెట్టెలు కొత్తవి, ఎవరే నువ్వు?" అనేది. ఒకరోజు గడప తట్టుకుని తుంటి విరిగి, పదకొండు నెలలు మంచంలో ఉండి పోయింది. ముసలితనం అంటే అంతేలెమ్మని అందరూ అనుకున్నారు. జ్ఞానాంబ కూడా అనుకుంది.

"దీనికి మందు లేదా తల్లీ?" అంది.

"ఉండాది. మీ ఒంట్లో ఊరని సారాన్నే మాత్రగా ఇస్తాను. ఇరవై ఒక్క దినం మింగాల, ఏడు దినాలు ఆపాల. ఎముకకు బలమిచ్చే సున్నం మాత్రలు మాత్రం రోజూ ఏసుకోవాల. పోయిన ఎముక అంతా తిరిగొస్తాదని చెప్పను, ఇంగ పోకుండా నిలబెడతాది. ఏడాదికోసారి రొమ్ములు, గర్భసంచి చూపించుకోవాల. కాలు వాచినా, గుండెలో పట్టినట్టున్నా వెంటనే రావాల." డాక్టరమ్మ కాస్త ఆగింది. "ఇంకొకటమ్మా. మాత్ర ఆపిన ఆ ఏడు దినాల్లో మూడు నాలుగు దినాలు మళ్ళా ముట్టు కనిపిస్తాది. భయపడే పనిలేదు. నెలనెలా అట్లే వస్తాది."

పక్కనున్న పంకజాక్షి కిటికీలోంచి రోడ్డు చూస్తోంది, కానీ ఆమె చెవులు రోడ్డు మీద లేవని అత్తకు తెలుసు.

"తీసుకోకపోతే?"

"తీసుకోకపోతే తీసుకోకపోయినట్టే. ఎవరూ బలవంతం చెయ్యరు. ఆలోచించుకోండి. ఒళ్ళు మీది" అని డాక్టరమ్మ చీటీ చేతికిచ్చింది.

బస్సు చంద్రగిరి దాటింది. మాత్రల పెట్టె జ్ఞానాంబ ఒళ్ళో ఉంది. పంకజాక్షి అత్త వైపు తిరిగింది.

"మాత్ర మింగితే ఆ మూడు దినాలు మీరు యాడ కూర్చుంటారత్తా? వరండాలో చాప ఒకటే ఉండాది."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే జ్ఞానాంబ నాలుగు తిట్టి ఊరుకునేది. అది నిజంగా అడిగిన ప్రశ్న.

ఇంటికి వచ్చాక శెట్టి సంగతంతా విని, తలగుడ్డ తీసి దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన ఆలోచించే పద్ధతి అది.

"ఈ వయసులో ఇదేం రోత. రాగిసంగటి తిను, పాలు తాగు. వీధిలో తెలిస్తే నవ్విపోతారు. తొమ్మిదేళ్ళ మనవరాలిని ఇంట్లో పెట్టుకోని అవ్వ బయట కూర్చుందంటే యాడన్నా విన్నామా?"

"నవ్వేవాళ్ళు వచ్చి నా తుంటి అతికిస్తారా?"

"అది కాదు. జాడీల సంగతేంది? అదన్నా ఆలోచించినావా?"

ఆయన చెప్పాలా. ఆమె ఆలోచిస్తున్నది అదే. వచ్చే సోమవారం మొదటి మాత్ర వేసుకుంటే ఇరవై ఒక్క రోజు ఎప్పటికి అవుతుందో వేళ్ళ మీద లెక్కేసింది. బంగారుపాళెం తోట నుంచి ఊరగాయకు పుల్లమామిడికాయ వచ్చే వారం సరిగ్గా ఆ ఏడు రోజుల్లో పడింది.

శెట్టి కూడా వేళ్ళు మడిచి అదే లెక్కకు వచ్చాడు. "అయితే ఒక పని చెయ్యి. కాయ పని ముగిసినాక మొదలుపెట్టుకో. నెల దినాల్లో కొంప మునగదు."

మంచి మాటే. ఆమె కూడా సరేనంది. మాత్రల పెట్టెను దేవుడి గూట్లో పటం వెనక పెట్టింది.

నాలుగు రోజులు దాన్ని చూడనట్టే తిరిగింది. అయిదో రోజు ఆదివారం. పై అర మీది తెల్లగుడ్డల మూట కోసం ఎడమచెయ్యి చాపింది. అందలేదు. మునివేళ్ళ మీద లేచింది. నడుములో ఏదో కలుక్కుమంది, కళ్ళు బైర్లుకమ్మాయి. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. కూర్చుంటే ఎదురుగా గడప, గడప అవతల ఎవరివో కాళ్ళు. మెట్టెలు చూసి పంకజాక్షి అని గుర్తుపట్టింది.

అప్పుడు తగిలింది ఆమెకు దెబ్బ. కాళ్ళు చూసి మనిషిని గుర్తుపట్టింది తాను.

"అత్తా, ఏమైంది?" అంది పంకజాక్షి. గడప మాత్రం దాటలేదు. ఆమెకు ఆ రోజు రెండో రోజు.

"లోపలికి రా. లేపు."

"నేను దూరంగా ఉండానత్తా."

పన్నెండేళ్ళు నేర్పిన పాఠం మరి. ఇంట్లో ఇంకెవరూ లేరు. జ్ఞానాంబ ఒంటిచేత్తో గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకి, గడప దాటి తానే బయటికొచ్చింది. అప్పుడు కోడలు ఆమె రెండు చంకలూ పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. అత్త ఏమంటుందోనని భయపడుతూనే లేపింది.

ఆ సాయంత్రం జ్ఞానాంబ దేవుడి గూటి ముందు నిలబడి తనతో తాను పెద్ద పోట్లాటే పెట్టుకుంది. కాయ పని అయ్యాక మొదలుపెడదామంటే, కాయ పని తరువాత వడియాలు, వడియాల తరువాత వరలక్ష్మి వ్రతం, దాని వెనకే ఇంకోటి. ఆడదాని ఇంట్లో పని లేని నెల ఏ పంచాంగంలోనూ లేదు. మాత్ర వేసుకుని, ముట్టు వచ్చిన సంగతి ఎవరికీ చెప్పకుండా జాడీల దగ్గర కూర్చుంటే? వీధిలోవాళ్ళకు తెలియదు. పంకజాక్షికి తెలుస్తుంది. దండెం మీద ఆరేసిన గుడ్డ ఏ ఆడదానికీ అబద్ధం చెప్పదు. పోనీ చట్టం ప్రకారం తానూ చాప మీద కూర్చుంటే? అప్పుడు ఊరగాయ ఎవరు కలుపుతారు? జాడీ లేని జ్ఞానాంబ ఎవరు?

ఇన్ని దారులు వెదికినా ఆమె అసలు భయం వేరే ఉంది. అది పన్నెండేళ్ళ నాటిది.

పంకజాక్షి కాపురానికి వచ్చిన సంవత్సరం నాలుగు జాడీలు బూజుపట్టాయి. పెళ్ళివాళ్ళకు మాటిచ్చిన జాడీలు. బండిలో తీసుకుపోయి నీవా నదిలో పారబోశారు. ఎందుకు చెడ్డాయని ఊరంతా అడిగితే జ్ఞానాంబ ఒక్కటే చెప్పింది. కొత్తకోడలు ఆ మూడు రోజుల్లో తెలియక గదిలోకి పోయి, అక్కడ మరిచిపోయిన దువ్వెన తెచ్చుకుందని. అది నిజమే, పోయింది. కానీ జాడీలు చెడింది దానివల్ల కాదు. అంతకు ముందురోజు మబ్బు పట్టింది. కడిగిన కాయ సరిగ్గా ఆరలేదు. అప్పటికింకా దూరం కాని పంకజాక్షి కాయలు తుడుస్తూ, "ఇంకా తడిగా ఉండాయత్తా" అని చెప్పింది కూడా. "నిన్న వచ్చినదానివి, నాకు నేర్పుతావా?" అని జ్ఞానాంబ కాయ కోయించేసింది. ముట్లు నిలిచిపోయిన కొత్త, పన్నెండు నెలలూ తానే రాణి అన్న పొగరు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా. అప్పటినుంచి వీధిలో పంకజాక్షి పేరు జాడీలు చెడగొట్టిన కోడలు.

ఇప్పుడు తాను ముట్టుతో ఆ గడప తొక్కి, ఊరగాయ బాగుంటే? పన్నెండేళ్ళ అబద్ధం దానంతట అదే బయటపడుతుంది. మాత్ర మింగడం కాదు ఆమె గొంతుకు అడ్డంపడింది, ఇది.

సోమవారం పొద్దున స్నానం చేసి, శెట్టి చూస్తుండగానే పటం వెనకనుంచి పెట్టె తీసి, మాత్ర నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగింది.

"కాయ పని అయినాక అన్నావు గదా?" అన్నాడు శెట్టి.

"అన్నాను. మా అమ్మ కూడా ముసిలితనంలే అని పదేళ్ళు అనుకునింది. నేను అనుకోను."

"మరి ఆ వారం?"

"ఆ వారం నేను సూసుకుంటాను. మీరు అంగడికి పోండి."

ఆయన తలగుడ్డ దులిపి అంగడికి పోయాడు.

ఇరవై ఒక్క రోజులు ఒక్క మాత్ర తప్పలేదు. మొదటి వారం కడుపులో తిప్పింది, రొమ్ములు బరువెక్కాయి. ఉప్మా తిని మింగమని పంకజాక్షి ఒకసారి చెప్పింది. అట్లా మింగితే తిప్పు తగ్గింది. మే నెల మూడోవారంలో చేతి కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. గుప్పెడు ఉప్పు పట్టుకుంటే వణికింది.

గురువారం పొద్దున బంగారుపాళెం నుంచి కాయ దిగింది. అయిదు వందల కాయ. ఆ పొద్దునే, పదమూడేళ్ళ తరువాత, జ్ఞానాంబకు మళ్ళీ కనిపించింది. స్నానాల గదిలో ఒక్క క్షణం గోడకు ఆనుకుని నిలబడింది. భయమూ వేసింది, సిగ్గూ వేసింది. తరువాత నెత్తిన నాలుగు చెంబులు పోసుకుని బయటికి వచ్చింది.

కాయ ముందు రోజే కడిగి ఆరబెట్టి ఉంటే బాగుండేది, కానీ బండి ఆలస్యమైంది. జ్ఞానాంబ కడిగించి, పాత పంచెలతో తుడిపించి, మిద్దె మీద ఎండలో పరిపించింది. ఎప్పట్లా పక్కింటి తాయమ్మ కత్తిపీట తీసుకుని వచ్చింది. ఆమె కూతురి పెళ్ళికి రెండు జాడీలు కావాలి. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. కాయ కోత సాగింది. ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె అన్నీ గది గడప దగ్గరికి చేరాయి. ఇంక కలపాలి. కలిపే చెయ్యి ఎప్పుడూ ఒకటే.

జ్ఞానాంబ గడప బయట నిలబడింది.

"తాయమ్మా, ఒక మాట. ఈ పొద్దు నాకు ముట్టు."

తాయమ్మ చేతిలో ముక్క జారింది. "వదినా, తమాషానా?"

"తమాషా కాదు. ఎముకలు గుల్లబారినాయి. దానికి మాత్ర మింగతా ఉండాను, దానితో వచ్చింది. నెలనెలా వస్తాది. నేను మాత్ర మానేది లేదు, ఈ గది మానేది లేదు."

అని గడప దాటి లోపలికి పోయింది. అంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. జాడీ పక్కన కూర్చుని పళ్ళెంలో ముక్కలు పోసి, కారం పోసి, కుడిచెయ్యి పెట్టింది. చెయ్యి తిరగలేదు. ముక్కల బరువుకే మణికట్టు లాగింది. ఎడమచేత్తో రెండు తిప్పులు తిప్పి ఆగిపోయింది.

"పంకజాక్షీ, రా. కలుపు."

పంకజాక్షి కదలలేదు. "నేను శుద్ధంగానే ఉండాను. అయినా వద్దులే అత్తా. రేపు ఏమన్నా అయితే మళ్ళా నా మీదికే వస్తాది."

చాలామంది అత్తలు ఇక్కడ కోప్పడతారు. జ్ఞానాంబ కోపిష్టిదే, కానీ ఆమె ఇన్ని రోజులుగా దాచుకున్న ధైర్యం ఈ ఒక్క మాట కోసమే.

"రాదు. ఇంత మందిలో చెప్తా ఉండాను, వినండి. డెబ్బై రెండులో ఆ నాలుగు జాడీలు చెడగొట్టింది పంకజాక్షి కాదు. కాయ తడిగా ఉండాదని ఈ పిల్ల నాకు చెప్పింది. నేనే వినలేదు. నా తప్పు దాని నెత్తిన పెట్టి పన్నెండేళ్ళు మోయించినాను. తాయమ్మా, నువ్వే గదా వీధంతా చెప్పింది. ఇదీ చెప్పు."

తాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "మా ఇంట్లో పెద్దవాళ్ళు ఉండారు వదినా. పెళ్ళి జాడీలు యాడన్నా సూసుకుంటాంలే" అని కత్తిపీట తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే ఇంకొకామె పోయింది. జ్ఞానాంబ వాళ్ళను ఆపలేదు. పోయే జాడీలు పోతాయని ఆమె ముందే అనుకుంది.

పంకజాక్షి కళ్ళలో నీళ్ళు లేవు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గడప దాటి వచ్చి, పళ్ళెం తన వైపుకు లాక్కుంది. ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పొడిగానే ఉండాది" అంది.

సాయంత్రానికి తొమ్మిది జాడీలు నిండాయి. పంకజాక్షి కలిపింది, జ్ఞానాంబ ఉప్పు రుచి చూసి చెప్పింది. మూతికి గుడ్డ కట్టడానికి అత్త వేలు పెట్టి పట్టుకుంటే కోడలు ముడి బిగించింది. పై అర మీద మిగిలిన గుడ్డల మూట పెట్టేటప్పుడు పంకజాక్షి అటూ ఇటూ చూసి, అర నుంచి మూట దించి, అత్తకు అందేట్టు కింది మేకుకు తగిలించింది.

జ్ఞానాంబ నడుము నొప్పిగా ఉంటే పెరటి వరండాలోకి వచ్చింది. అక్కడ చాప చుట్టి పెట్టి ఉంది. దాన్ని కాలితో తోస్తూ, "దీన్ని రేపు నీళ్ళపొయ్యిలో పెట్టేస్తాను" అంది.

"వద్దత్తా. ఈ ఇంట్లో నేను నడుం వాల్చింది ఆ చాప మీదనే. నెలకు మూడు దినాలు. అది కూడా పోతే నేను ఎప్పుడు పడుకునేది?"

జ్ఞానాంబ కోడలి మొహం వైపు చూసింది. చాప తానే పరిచి, ఒక పక్కన మెల్లగా వాలి, రెండో పక్క వదిలిపెట్టింది. పంకజాక్షి చేతులు కడుక్కుని వచ్చి ఆ పక్కన కూర్చుంది. కాళ్ళు చాపింది.

"పన్నెండేళ్ళు పట్టిందత్తా మీకు."

"అవును."

"నేను మరిచిపోను."

"మరిచిపోవద్దు."

పంకజాక్షి లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు, సున్నం మాత్ర తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఇది రోజూ ఏసుకోవాలని చెప్పింది డాక్టరమ్మ. ఈ పొద్దు మరిచిపోయినారు. ఆ ఇరవై ఒక్క దినాల మాత్ర సోమవారం మళ్ళా మొదలు. కేలెండర్లో గీత గీసినాను" అంది.